వేళ్ళ సిస్టర్ అత్తగారి చెయ్యి

మా ఎముకల వార్డులో ఆమెను అందరూ వేళ్ళ సిస్టర్ అనే పిలుస్తారు. ఎవరి చేతికైనా పిండికట్టు పడిందంటే చాలు, మంచం దగ్గర ప్రత్యక్షం. "వేళ్ళు ఆడిస్తూ ఉండండి. చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టండి. వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే పిలవండి." పక్కనే పనిచేసే నాకు చెవులు చిల్లులు పడేవి. ఆమె నోటికి జడిసి, కాలు విరిగినవాళ్ళు కూడా చేతివేళ్ళు ఆడించేవారు.

అలాంటి మనిషి అత్తగారు స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ పెద్దావిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కత్తెర పట్టకపోతే ఆవిడకు పొద్దుపోదు. డాక్టరు ఎముక సరిచేసి, వేళ్ళు వదిలి కట్టు వేశాడు. ఇక సిస్టర్ ఇంట్లో కూడా వార్డు తెరుస్తుందని మేమంతా నవ్వుకున్నాం.

తెరవలేదు. అత్తగారు మూలిగితే చాలు, ఈవిడ ప్రాణం విలవిల్లాడిపోయేది. ముద్దలు నోట్లో పెట్టింది, తల దువ్వింది, గుండీలు పెట్టింది. పెద్దావిడ వేలు కదిలించబోతే, "నొప్పి పుడుతుంది, ఉండనివ్వండి అత్తయ్యా" అంది. వార్డులో ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే తోలు తీసేది!

కట్టు విప్పేసరికి ఎముక చక్కగా అతికింది. వేళ్ళే బిగుసుకుపోయాయి. పిడికిలి పడలేదు, కత్తెర నిలవలేదు.

"ఇక కుట్టలేనా?" అంది పెద్దావిడ.

సిస్టర్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. "కోడలిగా చేశాను అత్తయ్యా, నర్సుగా చెయ్యలేదు. తప్పు నాదే."

"అయితే ఇప్పుడు చెయ్యి. ముందు ఆ ముద్దలు పెట్టడం మానెయ్."

గోరువెచ్చటి నీళ్ళలో చెయ్యి ముంచడం, గుడ్డ ఉండను పిసకడం, ఒక్కో వేలునీ బొటనవేలికి తాకించడం మొదలైంది. ఎంతసేపు పట్టినా తన గుండీలు తనే పెట్టుకోవాలి. పెద్దావిడ తిట్లు వీధి చివరిదాకా వినబడేవి.

"తిట్టండి, వేళ్ళు మాత్రం ఆపకండి" అనేది కోడలు. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేది. చేతులు ముడుచుకుని చూస్తూ కూర్చోవడం అంత కష్టమని ఆమెకు అప్పుడే తెలిసింది. నాకైతే ఆమె మీద జాలేసింది.

ఒక ఉదయం జబ్బ మీద ఎర్రగా కందిన మచ్చతో డ్యూటీకి వచ్చింది. ఏమైందని కంగారుపడ్డాను.

"ఇంకొక్కసారి ముడవండి అత్తయ్యా అన్నాను. విసుగొచ్చి గిల్లేసింది, కుడిచేత్తో!" అంటూ కళ్ళు తుడుచుకుంది. "చూడు, ఎంత గట్టిగా గిల్లిందో!"

ఆ పూట మందులు ఇవ్వడానికి ముందే, మంచం మంచానికీ వెళ్ళి అందరికీ ఆ మచ్చ చూపించింది.