మాందె అంటే అనుమానమనుకున్నాను

పెడనలో మా పిన్ని నడిపే కలంకారీ షెడ్డుకు స్పెయిన్ నుంచి ఒకావిడ ఆర్డరిచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అందుకని నేను శనివారాలు బందరులో బస్సెక్కి గుడివాడ వెళ్లి స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఫోన్‌లో అనువాదం చూసుకోకూడదని పాఠం చెప్పే మేడమ్ ముందే షరతు పెట్టారు.

ఆ వారం పాఠం, నమ్మకం లేని చోట క్రియ ఎలా మారుతుందని. 'మాందా' అంటే పంపుతాడు. పంపుతాడని నమ్మకం లేదనాలంటే అది 'మాందె' అవుతుంది.

రెండు రోజులకే ఆవిడ మెసేజ్ వచ్చింది. మాందె, కొంప్రువేబె, నో మెస్క్లె. మిగతా మాటలు సగం తెలియలేదు. పంపడం, సరిచూడడం, కలపడం మాత్రం తెలిశాయి. అన్నీ సందేహంతోనే ఉన్నాయి! మేం వాడతామన్న చెట్ల రంగుల్లో ఏదో కలుపుతున్నామని ఆవిడకు అనుమానం వచ్చిందన్నమాట.

రంగులు కాచేది మావయ్యగారొక్కరే. చుట్టం కాదు, షెడ్డులో అందరికీ మావయ్యే. ఆ రోజంతా ఆయన కాగుల చుట్టూ తిరిగాను. ఎరుపు మరీ నిగనిగలాడుతోందనిపించింది. ఆయన అటు వెళ్లగానే సంచి తెరిచి చూశాను. టిఫిన్ డబ్బా, తువ్వాలు. అయినా మనసు ఊరుకోలేదు. ఎప్పుడూ అండీ అనేదాన్ని, ఆ పూట నోరు తిరగలేదు.

"మావయ్యా, నిజం చెప్పు. కెమికల్ రంగు పోస్తున్నావా?"

"ఎవరన్నారమ్మా ఆ మాట?"

"ఆర్డరిచ్చినావిడ."

అద్దిన గుడ్డొకటి తీసుకుని, కాలువలో దిగి, నా ఎదుటే జాడించారాయన. ఎరుపు చెక్కుచెదరలేదు. కెమికల్ రంగు కూడా నిలుస్తుంది కదా అనుకున్నాను నేను.

శనివారం మేడమ్ ఆ మెసేజ్ చదివి నవ్వారు. "ఇందులో అనుమానమెక్కడుందండీ? మర్యాదగా పని చెప్పడానికీ ఇదే రూపం. ఫొటోలు పంపండి, కొలతలు సరిచూడండి, రెండు సైజులూ ఒకే పెట్టెలో కలపకండి, అంతే. ఆ పాఠం వచ్చేవారం."

అటునుంచటే పెడన వెళ్లి, ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నాను.

"పర్లేదులెండి," అన్నారు మావయ్యగారు.

పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను ఏకవచనంలో తప్ప పిలిచింది లేదు. సరుకు వెళ్లింది, రెండో ఆర్డరూ వచ్చింది. ఇప్పుడు ప్రతి కాగూ దించే ముందు కబురు పెడతారు, "వచ్చి చూసుకోండి," అని. అలా అనొద్దని రెండుసార్లు బతిమాలాను. మూడోసారి అడగడానికి నాకు మొహం చెల్లలేదు.