సత్తెమ్మకు ఇన్సులిన్ పరీక్ష

అరవై దాటినంక రాత్రిబడిలో నాకు అక్షరాలు వచ్చినయి. అంతకుముందు రాయడం చేతకాక సత్తెమ్మ సంగతి మనసులోనే పెట్టుకున్న.

1983లో పట్నంలోని హుస్సేనీ ఆలం బస్తీలో ఒక డాక్టరమ్మ దగ్గర ఆయాగా చేసేదాన్ని. రక్తం తీసేటప్పుడు చెయ్యి పట్టుకోవడం, గాజు గొట్టాలు కడగడం నా పని.

సత్తెమ్మ మాదన్నపేట మండిలో కూరగాయలు అమ్మేది. భర్త షుగర్‌తో పోయిండు, పిల్లలు లేరు. తిన్న వెంటనే నిద్ర ముంచుకొస్తుందని వచ్చింది. మెడ చుట్టూ పట్టీలాగా నల్లటి మచ్చ, ఎంత తోమినా పోలేదట. ఫాస్టింగ్ షుగర్, అంటే పరగడుపున చూసేది, బాగానే ఉంది. డాక్టరమ్మకు మాత్రం అనుమానం తీరలేదు. "ఇన్సులిన్ కూడా చూద్దాం" అన్నది. ఆ పరీక్షకు రక్తం ఐస్‌లో పెట్టి పెద్ద ల్యాబ్‌కు పంపాలి.

సత్తెమ్మ చెయ్యి గుంజుకున్నది.

"ఇన్సులినా? గా సూది మొదలువెట్టినంకనే మా ఆయన పోయిండు. నాకు గంత ముదిరిందా?"

"సూది ఇచ్చుడు కాదు అక్కా, రక్తంల ఎంతున్నదో చూసుడు."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

"కాదు. నీ చెయ్యి పట్టుకునేదాన్ని."

నవ్వి చెయ్యి ఇచ్చింది. ఫలితం వచ్చిననాడు వినడానికి మాత్రం రాలేదు.

"చూడు యాదమ్మా," అన్నది డాక్టరమ్మ, "ఇన్సులిన్ మన ఒంట్లో పుట్టేదే. తిన్న చక్కెరను రక్తంలోంచి కండల్లోకి పంపుతది. ఈమెకు ఒళ్లు దాని మాట వింటలేదు. చెవిటోళ్ల తలుపు మళ్లమళ్ల కొట్టినట్టు, అది ఎక్కువెక్కువ ఊరుతున్నది. అందుకే షుగర్ ఇంకా మంచిగుంది. ఇప్పుడే నడిచి, తిండి మార్చుకుంటే ఆపొచ్చు."

సాయంత్రం మాదన్నపేట పోయిన. చీకటి గదిలో ఒక్కతే కూర్చొని తీపి చాయ్‌లో బన్ను ముంచుకుంటున్నది.

"కూరగాయలమ్మేదానివి, బన్ను తింటవా?"

"ఒక్కదానికి ఏం వండుకుంట?"

నా పొయ్యి కూడా ఏ పూటో ఒక పూటే వెలిగేది.

"షుగర్ ఇంకా రాలే నీకు. వచ్చే తొవ్వల ఉన్నది. నడవాలె."

"పనిలేకుండ ఒక్కదాన్ని నడిస్తే పిచ్చిదంటరు. నువ్వు పో చెల్లె."

రోగం రాకముందే దాని జాడ రక్తంలో దొరుకుతుందని ఆ పరీక్షతో తెలిసింది. జాడ దొరికినా, ఒంటరి మనిషికి లేచి నడవబుద్ధి కాదని సత్తెమ్మతో తెలిసింది.

తెల్లారి పోయి ఆమె తలుపు కొట్టిన. పలకలేదు. మళ్లీ కొట్టిన. లోపల చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడైంది.