నవసాగరం వేసిన పీపా

1979 జూన్‌లో నేను హన్మకొండలోని ఒక రైఫిల్ క్లబ్బులో ఆర్మరర్‌గా చేరాను. అంతకు ముందు పదిహేనేళ్లు సైన్యంలో అదే పని చేసి నాయక్ హోదాలో బయటికి వచ్చాను. ఆర్మరర్ అంటే తుపాకి కాల్చేవాడు కాదు. ఇతరులు కాల్చే తుపాకులను విప్పి, తుడిచి, కొలిచి, వాళ్ల చేతికిచ్చే తూటాలను పరీక్షించి, కాల్చవచ్చునని రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. ఆ సంతకం కింద ఎవరి కళ్లు, ఎవరి వేళ్లు ఉంటాయో అతనికి ముందుగా తెలియదు.

క్లబ్బు కార్యదర్శి వృత్తిరీత్యా వకీలు. అందరం ఆయన్ను వకీలు సాబ్ అనేవాళ్లం. ఫ్యాక్టరీ తూటాలు కోటా మీద వచ్చేవి, అవి మూణ్నెల్ల ప్రాక్టీసుకు కూడా చాలేవి కావు. అందుకని కాల్చిన ఇత్తడి కేసులను శుభ్రం చేసి, మళ్లీ మందు నింపుకోవడానికి క్లబ్బు అనుమతి తెచ్చుకుంది. కేసు అంటే తూటాకు వెనకవైపు ఉండే ఇత్తడి గొట్టం. మందు అంటుకోగానే ఆ గొట్టం ఉబ్బి, తుపాకిలో తూటా కూర్చునే గదికి గట్టిగా అతుక్కుంటుంది. దానివల్లే వాయువు వెనక్కి రాకుండా గుండును ముందుకు తోస్తుంది. కేసు మూతి దగ్గర చీలితే పెద్ద ప్రమాదం లేదు. అడుగు దగ్గర చీలితే మాత్రం ఆ వాయువంతా, గదిని వెనక నుంచి మూసే బోల్టు సందుల్లోంచి కాల్చేవాడి ముఖానికే వస్తుంది.

కేసులు కడగడానికి నేనే ఒక సాధనం తయారు చేశాను. కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగులు అద్దే ఒకాయన దగ్గర పాత చెక్క పీపా కొని, ఇనుప కడ్డీ మీద పడుకోబెట్టి, చిన్న మోటారుతో నెమ్మదిగా తిరిగేటట్లు చేశాను. అందులో కేసులు, నీళ్లు, కుంకుడు రసం, కొంచెం చింతపండు పులుసు, గింజంత ముక్కలుగా కత్తిరించిన సైకిలు పుల్లలు వేసేవాణ్ని. పీపా తిరుగుతుంటే ఆ పుల్లలు కేసుల లోపలికీ బయటికీ దూరి మసిని గీకేవి. మూడు గంటల తర్వాత తీసి, రెండు నీళ్లలో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు పట్టి చూసేవాణ్ని. ఇత్తడి తళతళలాడాలని కాదు ఈ కష్టం. మసి కింద పగులు దాక్కుంటే కనబడదు, అందుకని.

పీపా దగ్గర నాకు తోడు స్టోరు చూసే యాదగిరి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను యాదన్న అనేవాణ్ని, అతను నన్ను తమ్మీ అనేవాడు. వాళ్ల నాయన వరంగల్ బజారులో గిన్నెలకు కళాయి పూసేవాడట. ఇత్తడి గురించి యాదన్నకు చేతి అనుభవంతో చాలా తెలుసు. అతనికి తెలియనిదల్లా ఒక్కటే: వంటపాత్ర మీద పడే బరువు వేరు, తూటా కేసు మీద పడే బరువు వేరు.

మరుసటి ఏడాది వానాకాలంలో క్లబ్బు పోటీలు పెట్టింది. పోటీకి నెల రోజుల ముందు ముసురు పట్టింది. కేసులు తొందరగా తెమలడం లేదు, పైగా నల్లగా వస్తున్నాయి. వకీలు సాబ్ రోజూ సాయంత్రం కోర్టు నుంచి నేరుగా వచ్చి, "ఇంకెన్నడయ్యా సాయిలూ? మెంబర్లు నన్ను తింటాండ్రు," అనేవారు.

ఒకరోజు నేను రైఫిళ్ల పనిలో ఉండి పీపా యాదన్నకు వదిలేశాను. మధ్యాహ్నం వచ్చేసరికి కేసులు కొత్త బిందెల్లా మెరుస్తున్నాయి. అంత మెరుపు నేనెప్పుడూ రాబట్టలేదు. గదిలో ఘాటైన వాసన ఉంది, ముక్కుపుటాలు మండి కళ్లలో నీళ్లు తిరిగాయి. వర్క్‌షాపు గోడకు అవతల పాలవాడి బర్రెల కొట్టం ఉండేది. వానకు అక్కడి కంపు ఎక్కువైందనుకుని వెళ్లి కిటికీ మూశాను.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ వాసన ఏమిటో నాకు తెలిసి ఉండాల్సింది. సైన్యంలో శిక్షణ ఇచ్చిన ఉస్తాద్ మొదటి నెలలోనే చెప్పాడు: పాతకాలంలో వానాకాలమంతా గుర్రపుశాలల పక్కన దాచిన తూటాలు ఎవరూ ముట్టకుండానే పగిలేవి, కారణం అక్కడి గాలిలోని అమ్మోనియా. పరీక్షలో ఆ ప్రశ్నకు నేను సరైన జవాబే రాశాను. ఆ మధ్యాహ్నం మాత్రం పని అయిపోయిందన్న సంతోషంలో యాదన్నను ఏమీ అడగలేదు. కేసులు పరీక్షించాను, ఏ పగులూ కనబడలేదు. అవి తూటాలయ్యాయి. నేను సంతకం పెట్టాను.

పోటీ ఆదివారం ఉదయం. కాల్చే స్థలాన్ని మా దగ్గర చాంద్‌మారి అంటారు. అది ఖిలా వరంగల్ దాటాక, గుట్ట వెనక ఉండేది. తూటాల పెట్టెతో వకీలు సాబ్ జీపులో ముందే వెళ్లిపోయారు. ఒక రైఫిలుకు విడి స్ప్రింగు కావలసి వచ్చి నేను వర్క్‌షాపుకు వెళ్లాను. బల్ల మీద ఒక పళ్లెంలో, పీపా యాదన్నకు వదిలేసిన రోజు కడిగిన కేసులే ఐదారు ఉన్నాయి. సొట్టలున్నాయని నేను పక్కన పెట్టినవి. స్ప్రింగు కోసం పళ్లెం జరుపుతుంటే ఒక కేసు మీద వెంట్రుక అతుక్కున్నట్టు కనబడింది. గోటితో తీయబోయాను. రాలేదు. అది పగులు.

రెండోది చూశాను. పగులు. మూడోది కిటికీ వెలుతురుకు పట్టి లోపలికి చూస్తే అడుగున నీలంగా మరక, ఆ మరక నుంచి పైకి సన్నని గీత. బొటనవేలితో మూతిని నొక్కితే ఎండిన ఆకులా చీలిపోయింది. కడిగాక వాటిని ఎవరూ కాల్చలేదు, కొట్టలేదు. మూడు వారాలు ఊరికే పళ్లెంలో ఉన్నాయి, అంతే.

యాదన్న వాకిట్లో మంచినీళ్ల కుండ సైకిలుకు కడుతున్నాడు.

"అన్నా, ఆనాడు పీపల ఏమేసినవే?"

"ఏమేస్త? ఎప్పటి లెక్కనే. కుంకుడు రసం, చింతపండు..." నా ముఖం చూసి ఆగాడు. "జరంత నవసాగరం ఏసిన తమ్మీ. గింత బట్టల సోడ. మా నాయన గిన్నెలకు గట్లనే చేస్తుండె. నువ్వు తొందర తొందర అంటివి గద."

నవసాగరం కళాయి పూసేవాళ్లు వాడే తెల్లని ఉప్పు. దానికి సోడా కలిస్తే అమ్మోనియా పుడుతుంది. చేతిలోని కేసు చూపించాను. వివరించే పని లేకపోయింది. కుండ కింద పెట్టేసి, "బండెక్కు," అన్నాడు.

చాంద్‌మారిలో ఫోను లేదు. ఆదివారం పొద్దున రిక్షా కూడా దొరకలేదు. నేను తొక్కుతున్నాను, యాదన్న వెనక క్యారియర్ మీద. ఎనిమిదిన్నరకు మొదటి వరుస కాల్పులు మొదలవుతాయి. మేము బయలుదేరేసరికి ఎనిమిదీ ఇరవై.  చౌరస్తా దాటాక అతను నా చొక్కా పట్టుకుని అడిగాడు.

"పాణం పోతదా తమ్మీ?"

 ఏం జరగవచ్చో నాకు ఒక్కొక్కటిగా కనబడుతోంది. సైన్యంలో ఒకసారి అడుగు చీలిన కేసు వల్ల ఒక జవాను కన్ను పోవడం చూశాను. అతని ముఖం గుర్తుకు రాకుండా ఉండాలని రోడ్డు మీద గుంతలు చూస్తూ తొక్కాను.

రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి. ఒక్కో పెట్టె కదిలిపోతుంటే, ఆ చప్పుడు సందుల్లోంచి గుట్ట వైపు నుంచి మొదటి కాల్పు వినిపించింది. తర్వాత మరొకటి. మామూలు తూటా మోత పొడిగా, ఒక్క దెబ్బలా ఉంటుంది. వాయువు వెనక్కి తన్నితే ఆ మోత కాస్త మెత్తగా వినిపిస్తుంది. అంత దూరం నుంచి ఆ తేడా తెలియదని నాకు తెలుసు. అయినా ఒక్కొక్క మోతా చెవి పెట్టి విన్నాను. ఐదో మోత తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ భయపెట్టింది.  వెనక్కి తిరిగి చూస్తే యాదన్న పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ని పిలుస్తున్నాడో వినబడలేదు.

చాంద్‌మారిలో ఎర్రజెండా ఎగురుతోంది. అంటే కాల్పులు నడుస్తున్నాయి, ఎవరూ ముందుకు పోకూడదు. కానీ ఏ చాంద్‌మారిలోనైనా ఒక నియమం ఉంది. ప్రమాదం చూసినవాడు ఎవడైనా, నీళ్లు మోసేవాడైనా సరే, కాల్పులు ఆపమని కేక వేయవచ్చు. వేస్తే అందరూ ఆపాల్సిందే. సైకిలు పడేసి అరిచాను.

"ఫైర్ బంద్! ఎవ్వలు బోల్టు ముట్టద్దు!"

నలుగురు పడుకుని గురి చూస్తున్నారు. ముగ్గురు రైఫిళ్లు వదిలి లేచారు. నాలుగో స్థానంలో సుగుణ టీచరమ్మ. బాలికల బడిలో డ్రిల్లు టీచరు, క్లబ్బులో ఏకైక మహిళా సభ్యురాలు. ఆమె చేయి బోల్టు పిడి మీదే ఉంది. ట్రిగ్గర్ నొక్కితే తూటాను కొట్టే సూది టక్‌మని పడిందట, తూటా మాత్రం పేలలేదు. తీసి చూద్దామని బోల్టు ఎత్తబోతోంది.

ఇలాంటప్పుడు లోపల మందు నెమ్మదిగా రాజుకుంటూ ఉండవచ్చు, కొన్ని క్షణాల తర్వాత పేలవచ్చు. బోల్టు తెరిచిన క్షణంలోనే పేలితే కేసును పట్టి ఉంచేదేమీ ఉండదు.

"టీచరమ్మా, చెయ్యి తియ్యండి. తుపాకి గట్లనే టార్గెట్ దిక్కు ఉండనియ్యండి."

ఆమె తల తిప్పింది. కుడి చెంప మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. కళ్లద్దం కుడి పలక మసిబారి ఉంది. నేను పక్కన బోర్లా పడుకుని రైఫిలు నా చేతుల్లోకి తీసుకుని, ఆమెను వెనక్కి జరగమన్నాను. నియమం ప్రకారం ఒక నిమిషం ఆగాలి. గడియారం చూడడానికి చేయి వదలలేను. మనసులో లెక్కపెట్టాను. ఇరవై దగ్గర తప్పింది, మొదటి నుంచి మొదలుపెట్టాను. రెండోసారి నలభై దగ్గర తప్పింది. అలా ఎంతసేపైందో నాకు తెలియదు. చివరికి ముఖం పక్కకు తిప్పి బోల్టు ఎత్తాను. తూటా గడ్డిలో పడింది. గుండు కూర్చునే మెడ చుట్టూ పగులు ఉంది. మందులోకి తేమ దిగడం వల్లే పేలలేదని తర్వాత విప్పితే తెలిసింది.

కానీ అసలు భయం కలిగించింది అది కాదు. ఆమె అంతకు ముందు కాల్చిన కేసు. పక్కనే పడి ఉంది. మూతి నుంచి కిందికి చీలుకుంటూ వచ్చి, అడుగుకు గోరు మందం పైన ఆగింది. ఆ పక్కనే ఉన్న ఇంకో కేసుకూ సన్నని చీలిక.

"రెండో గుండుకే చెంప సుర్రుమన్నది," అంది టీచరమ్మ. "మందు పొగ గట్లనే ఉంటదేమో అనుకున్న. చెప్తే, ఆడమనిషి భయపడ్డదంటరని చెప్పలే."

కళ్లద్దాలు తీసి చూసింది. కుడి పలకకు రెండు చోట్ల గుంట పడింది. ఆ గుంటలను వేలితో తడిమి చూసింది.

వకీలు సాబ్ పెట్టె మూయించి, మమ్మల్నిద్దర్నీ చెట్ల చాటుకు తీసుకెళ్లారు. పీపాలో నవసాగరం పడిందని నేను చెప్పగానే గొంతు తగ్గించి అడిగారు.

"ఎవడేసిండయ్యా అది?"

యాదన్న, "నేనే సాబ్," అన్నాడు. వెంటనే, చాలా మామూలుగా.

"వాసన నాకు తెలిసింది సాబ్," అన్నాను. "నేను అడగలే. సంతకం నాది."

ఆయన, వాన వల్ల పోటీ రద్దయిందని రిజిస్టరులో రాద్దామన్నారు. ఆ మాటకు ఒక్క క్షణం నా మనసు తేలికపడిందన్నది నిజం. నాకు ఉద్యోగం కావాలి, యాదన్నకూ కావాలి. కానీ అలా రాస్తే ఆ పెట్టెలో మిగిలిన తూటాలు మంచివే అవుతాయి, ఇంకో ఆదివారం ఇంకొకరి చెంప కింద పేలుతాయి. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. వకీలు సాబ్ నాతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆయనే ఆ పేజీ కింద తన సంతకం చేశారు. ఆరు నెలలు నన్ను తూటాల పని నుంచి తప్పించారు. అది న్యాయమే.

యాదన్నను ఎవరూ తీసెయ్యలేదు. అతనే రాలేదు. బజారులో కళాయి పనికి కూర్చున్నాడు. నేను వెళ్లి పిలిచినా, "వద్దు తమ్మీ, పీప చూస్తె నాకు చేతులు వణుకుతయి," అన్నాడు. తర్వాత ఎన్నేళ్లు కలిసినా మొదట అడిగే మాట ఒక్కటే: "టీచరమ్మ కండ్లు మంచిగున్నయా?" మంచిగానే ఉన్నాయి. ఆమె మరుసటి ఏడాది మళ్లీ పోటీకి వచ్చింది, కాల్చే ముందు ప్రతి తూటానూ వెలుతురుకు పట్టి చూసుకుంది. ఆ అలవాటు చూసి నేను నొచ్చుకోలేదు.

నేను తిరిగి పనిలోకి వచ్చాక పద్ధతి మార్చాను. పీపాలో ఏ వస్తువు పడినా పలక మీద రాసి తీరాలి. రెండు నీళ్లకు బదులు నాలుగు నీళ్లు. ప్రతి విడత నుంచి పన్నెండు కేసులు నెల రోజులు విడిగా ఉంచి, వాటిలో పగులు రాకపోతేనే మిగతావాటికి మందు. ఎండ లేకపోతే పని లేదు. ఎనభై ఎనిమిదిలో నేను ఆ ఉద్యోగం మానేసే వరకు ఇదే నడిచింది.

ఆ సంఘటన వల్ల నాకు తెలిసింది ఇంతే. ఇత్తడి గురించి నాకు అప్పటికే తెలుసు, కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. అనుమానం కలిగినప్పుడు పక్కనున్న మనిషిని ఒక మాట అడగడం ఆర్మరర్ పనిలో భాగం, సంతకానికి ముందు చేయవలసిన పని. అది చేయనివాడు ఎంత చదివినా, తుపాకి కాల్చేవాడికి అతని వల్ల ఉపయోగం లేదు.