పక్కన పడేసిన బీడీలు

అరవైల చివర్లో మెదక్‌లో ఒక బీడీ కార్ఖానాలో చెకర్‌గా చేరాను. ఆడవాళ్లు ఇళ్లల్లో చుట్టి తెచ్చిన బీడీలను చూసి, వదులైనవీ ఆకు చిరిగినవీ తీసి పక్కన పడేయడం నా పని. పడేసినవాటికి కూలి ఉండదు. అంతవరకు న్యాయమే. కానీ అవి చెత్తలోకి పోయేవి కావు. సాయంత్రానికి వాటినీ కట్టలు కట్టించి సేటు బజారుకు పంపేవాడు. రోజూ ఇంకో నాలుగు పిడికిళ్లు ఎక్కువ తీయమని నాకు చెప్పేవాడు కూడా. తీసేవాణ్ణి.

విడ్డూరం ఏమిటంటే, అప్పటికే నేను సోషలిస్టునని అనుకుంటున్నాను. హైదరాబాద్ నుంచి యూనియన్ నాయకుడొకాయన వచ్చి, బస్టాండు దగ్గర మీటింగు పెట్టి, ప్రపంచ యుద్ధం అయిపోయాక దేశదేశాల కార్మికులు సంఘాలు ఎట్లా కట్టారో, మిల్లులూ రైళ్లూ ఎట్లా ఆపారో చెప్పి వెళ్లాడు. ఆయన ఇచ్చిన పుస్తకాలు రెండుసార్లు చదివి, కార్మికుడికి కూలి కట్టకుండా యజమాని మిగుల్చుకునే అదనపు విలువ గురించి టీకొట్టులో దంచి చెప్పేవాణ్ణి. అది రోజూ నా చేతుల మీదుగానే పోతోందని మాత్రం తట్టలేదు. తట్టినా తట్టనట్టు ఉన్నానేమో.

చర్చి వెనక వాడలో ఒకామె ఉండేది. నలభై దాటిన మనిషి, భర్త లేడు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు బీడీలు. ఒకరోజు ఆమె చాటలోంచి గుప్పెడు తీసి పక్కన పెట్టాను. ఆమె కదలలేదు.

"గవి ఖరాబైనయా సారూ?"

"అయినయి."

"అయితే నా ముంగటనే ఇరగ్గొట్టుండ్రి."

నేను విరగ్గొట్టలేదు. విరగ్గొడితే సేటు నన్ను పనిలోంచి తీసేస్తాడు. విరగ్గొట్టకపోతే అవి మంచి బీడీలేనని నేనే ఒప్పుకున్నట్టు. పుస్తకాలు చదివిన నాకు తోచని ప్రశ్న, అక్షరమ్ముక్క రాని ఆమెకు తోచింది. ఆమె తన చాట ఎత్తుకుని బయల్దేరింది. వెనక వరసలో ఉన్న ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే చాటలు చంకన పెట్టుకుని ఆమె వెంట బయటికి నడిచారు. పక్కన పడేసినవి తమ కళ్ల ముందే విరగ్గొడితేనే మళ్లీ చుడతామన్నారు.

పన్నెండు రోజులు ఒక్క బీడీ రాలేదు. ఆ వాడలో పొయ్యి రోజుకోసారి వెలిగితే గొప్ప. సేటు చేగుంట నుంచి వేరేవాళ్లను తెప్పించాలని చూశాడు. ఆమె తనే బస్సెక్కి వెళ్లి, "మా నోటికాడి బువ్వ గుంజుకోకుండ్రి" అని అక్కడి ఆడవాళ్లకు చెప్పి వచ్చింది. ఒక్కరూ రాలేదు. నేను మాత్రం ఖాళీ బల్ల ముందు కూర్చుని జీతం కోసం ఎదురుచూశాను. తర్వాత చాలామంది నాయకులను చూశాను. ఆమెను మించినవాళ్లు నాకు కనబడలేదు.

పదమూడో రోజు సేటు దిగివచ్చాడు. పనికిరానివి చుట్టినవాళ్ల ఎదుటే విరగ్గొట్టాలని ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆమె చాట నా ముందుకు వచ్చింది. చేసిన పాపం కొంతైనా కడుక్కుందామని, సరిగ్గా చూడకుండానే అన్నీ మంచివేనని లెక్కలోకి తీసుకున్నాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ఒక కట్ట విప్పి, రెండు బీడీలు ఏరి నా చేతిలో పెట్టింది.

"గివి వదులుగున్నయి. సూడలేదా?"

"ఉండనీ అక్కా, రెండే కదా."

"మేం గిన్ని దినాలు పస్తులున్నది నీ దయ కోసమా? ఇరగ్గొట్టు తమ్మీ."

విరగ్గొట్టాను. ఆమె విరిగేదాకా చూసి, తర్వాతి మనిషికి జాగా ఇచ్చింది.