సగం కాలిన కార్జం

మా మేనత్త మీద నా కోపం ఇంకా పోలేదు. పోగొట్టుకోవాలని నేను పెద్దగా ప్రయత్నించడమూ లేదు. ఆమె మా నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. కాలవ వంతెన దాటితే వాళ్ళ ఊరు. నాన్నకి కేన్సర్ అని తెలిసిన రోజున అందరికంటే ముందొచ్చి, అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆమే. ఏడ్చి ఊరుకుని ఉంటే బాగుండేది.

నాన్నకి కాకినాడలో కీమో ఎక్కిస్తున్న రోజులవి. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి నేనే సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. రెండో విడత అయ్యాక డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఈ మందుకి ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది, పచ్చివీ సరిగ్గా ఉడకనివీ పెట్టొద్దు, జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా తీసుకురండి, ఇన్‌ఫెక్షన్ వచ్చిందంటే తర్వాతి విడత ఆపేయాల్సి వస్తుంది అని. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. డాక్టరు మాటలన్నీ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి వంటింటి గోడకి అంటించాను. పచ్చి మాంసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి. మాంసం కోసిన కత్తిపీట మీద కూరగాయలు కోయకూడదు. కోడిని కుళాయి కింద పెట్టి కడిగితే ఆ తుంపర్లు పక్కనున్న గిన్నెల మీద పడతాయి. ముక్క లోపల ఎర్రగా ఉంటే ఇంకా ఉడకాలి.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఆ కాగితం చదివి నవ్వేవారు. మేమిన్నాళ్ళూ తినలేదా, మాకేమైనా అయ్యిందా అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. తిని పోయినవాళ్ళు లేచొచ్చి సమాధానం చెప్పరు కదా. మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక్క పీరియడ్‌లో అర్థమయ్యే సంగతి, మనవలున్న పెద్దవాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కేది కాదు. వాళ్ళందరి నమ్మకం పసుపు మీదే. పసుపు రాస్తే చాలు, ఏదైనా చచ్చి ఊరుకుంటుందని.

మా వైపు మనిషి మంచానపడితే చూడ్డానికి చేతులూపుకుంటూ రారు. ఆసుపత్రికైతే పళ్ళు, బ్రెడ్డు. ఇంటికొచ్చాక నాటుకోడి. కాళ్ళు కట్టి, సంచిలో పెట్టి, తల బయటికి ఉంచి ఆటోలో పట్టుకొస్తారు. నీరసం పోతుందని వాళ్ళ నమ్మకం. చుట్టరికం ఎంత దగ్గరిదైతే కోడి అంత పెద్దది. ఆ ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చిన అత్త చేతిలో ఉన్నది మామూలు కోడి కాదు, ఎర్రటి పుంజు.

నేను కొంగు బిగించాను. వంట నేనే చేస్తానన్నాను. అయితే కోసి ఇస్తానంది అత్త. పెరట్లో కొబ్బరాకు మంట మీద కోడిని కాల్చి, పసుపు రాసి, ముక్కలు కోసింది. నేను పక్కనే పోలీసులా నిలబడ్డాను. కత్తిపీట మీద సలసల కాగే నీళ్ళు పోసి సబ్బుతో తోమాను. ఆమె చేత చేతులు రెండుసార్లు కడిగించాను. ఆమె మూతి ముడుచుకుంది, నేను పట్టించుకోలేదు. ముక్కలు లోపలికి తీసుకెళ్ళి కుక్కర్లో పెట్టి, కూతలు లెక్కపెడుతూ కూర్చున్నాను. నా అంత జాగ్రత్తపరురాలు కోనసీమలోనే లేదనుకున్నాను. ముక్కల్లో కార్జం, అదే లివరు, లేదన్న సంగతి మాత్రం చూసుకోలేదు.

ఇళ్ళల్లో కోడిని కోస్తే దాని కార్జాన్ని కొబ్బరి ఈనెకి గుచ్చి, ఉప్పు రాసి, నిప్పుల మీద కాల్చి పిల్లలకి పెట్టడం మాకు అలవాటు. నాన్న చిన్నప్పుడు అది మగపిల్లాడిదే. మా నాయనమ్మ ఆయన చేతికే ఇచ్చేదట. ఆయన ఇంటి వెనక్కి వెళ్ళి సగం కొరికి, మిగతా సగం చెల్లెలి నోట్లో పెట్టేవాడట. ఈ కథ అత్త మాకు వందసార్లు చెప్పింది.

నేను బయటికొచ్చేసరికి నాన్న పెరటి గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నారు. ఈనె ఆయన చేతిలో ఉంది. దాని చివర ఒక చిన్న ముక్క మిగిలింది. పైన నల్లగా మాడింది, లోపల ఎర్రగా, తడిగా ఉంది. అత్త ఆయన మూతి తన కొంగుతో తుడుస్తోంది.

ఏం పెట్టావని అడిగాను.

“పసుపు రాసేనే. నిప్పుల మీద కాల్చేను. ఇంకేం ఉంటాది అందులో?” అంది అత్త.

“మా నాన్నని చంపడానికొచ్చావా అత్తా?” అన్నాను.

ఆమె సంచి మడిచి చంకలో పెట్టుకుని, అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయింది. నాన్న నన్ను తిట్టారు, వెనకాలే వెళ్ళి క్షమాపణ అడగమన్నారు. వెళ్ళలేదు. అంత మాట అన్నందుకు ఆ రోజు నాకు కొంచెం కూడా బాధ లేదు.

మంగళవారానికి విరేచనాలు పట్టుకున్నాయి. బుధవారం పొద్దున్నే జ్వరం. కాకినాడ పరిగెత్తాం. ఏం తిన్నారని డాక్టరు అడిగితే, “ఇంట్లో వండిందేనండీ, బాగా ఉడికిందేనండీ” అన్నారు నాన్న, నా ముఖం చూడకుండా. అబద్ధమని నేను చెప్పాను. జరిగిందంతా చెప్పాను. డాక్టరు తర్వాతి విడత ఆపేశారు.

వార్డులో సెలైను ఎక్కుతుండగా నాన్న నన్ను దగ్గరికి పిలిచారు. “నోట్లో పెట్టుకోగానే తెలిసిందమ్మా, పచ్చిగా ఉందని” అన్నారు.

మరి ఉమ్మేయలేదేం అన్నాను.

“అది ఎదురుగా కూర్చుని చూస్తోంది. దాని ముందు ఎలా ఉమ్మను?” అన్నారు. “దీనివల్లే మందు ఆగిందని దానికి చెప్పకు. తట్టుకోలేదు. నాకు మాటివ్వు” అన్నారు.

అత్త మీదకంటే ఆయన మీద నాకెక్కువ కోపం వచ్చింది. ఆమెకి తెలియదు, సరే. ఈయనకి తెలుసు. తెలిసి, నమిలి, మింగారు. చెల్లెలు నొచ్చుకోకూడదట. మరి నేను? రోజూ గిన్నెలు మరిగించి, చేతులు పగిలేలా కడుక్కున్న నేను నొచ్చుకోవచ్చా? ఇవన్నీ అడుగుదామనుకున్నాను. చేతికి సూది గుచ్చి ఉన్న మనిషిని ఏం అడుగుతాం? మాటిచ్చాను.

జ్వరం తగ్గింది. మనిషి తేరుకోలేదు. ఆపిన విడత మళ్ళీ ఎక్కించడానికి ఆయన ఒళ్ళు ఒప్పుకోలేదు. వానలు మొదలయ్యే రోజుల్లో పోయారు. ఆ కార్జం వల్లేనా అని డాక్టర్ని రెండుసార్లు అడిగాను. జబ్బు అప్పటికే ముదిరిందమ్మా, ఇదీ అని చెప్పలేం అన్నారు. రెండుసార్లూ అదే మాట. అందులో నన్ను ఓదార్చడానికి అన్నదెంతో, నిజమెంతో నాకు ఇప్పటికీ తెలియదు.

పోయినవాళ్ళ ఇంట్లో చర్చివాళ్ళు జరిపే ఆదరణ కూడిక రోజున మా వాకిట్లో షామియానా వేశారు. ప్రార్థన అయ్యాక భోజనాలకి ముందు ఆడవాళ్ళంతా అత్త చుట్టూ చేరారు. ఆమె వాళ్ళకి చెబుతోంది, కళ్ళు తుడుచుకుంటూ, కొంచెం గర్వంగా కూడా.

“ఆఖర్న మా అన్నయ్య ఇష్టంగా తిన్నది నా చేత్తో కాల్చిన కార్జమేనండీ. మళ్ళీ ఏదీ అలా తిన్లేదండీ.”

నేను నీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అక్కడే ఉన్నాను. పళ్ళెం నేలకేసి కొట్టాలనిపించింది. లోపల ఎర్రగా ఉందని, ఆయనకి తెలుసని, నిన్ను చూసి మింగారని అందరి ముందూ అరవాలనిపించింది. పక్కింటావిడ నా వైపు తిరిగి, అవునా అమ్మా, అంత ఇష్టంగా తిన్నారా మీ నాన్నగారు అని అడిగింది. అత్త కూడా తలెత్తి నా ముఖంలోకి చూసింది.

“ఆయ్, ఇష్టంగానే తిన్నారండీ” అన్నాను.