దూరం నుంచి తీసే లెన్స్

దోర్నపాల్ దాటాక వాగు పొంగి బస్సు ఆగిపోయింది. ముందు నీళ్ళు, వెనక లారీలు. వానలో దిగడానికీ లేదు. నేను ఫోన్‌లో రెండు లెన్సుల బొమ్మలు మార్చి మార్చి చూస్తున్నాను. నా దగ్గరున్న డబ్బుకు ఒక్కటే వస్తుంది.

"ఏంది సారూ అవి?" అన్నాడు పక్క సీటు పెద్దాయన.

"కెమెరాకు పెట్టేవి. చిన్నదైతే మనిషి దగ్గరకెళ్ళి తీయాలి. పొడుగుదైతే దూరం నుంచే తీయొచ్చు, వాళ్ళకు తెలియదు. అదే కొంటాను."

"దొంగలకు పనికొచ్చేదే గద," అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "నిరుడు దోర్నపాల్ బజార్ల మా ఇంటామె చింతపండు అమ్ముతుంటే ఎవరో అట్లనే తీసిండ్రట. చలికాలంల పోయింది. ఇంట్ల ఒక్క ఫోటో లేదు. నువ్వు గాదు గద సారూ?"

నిరుడు అరువు తెచ్చిన పొడుగు లెన్సుతో ఆ బజారంతా తీశాను. సరిగా రానివి చెరిపేశాను. ఆమె ఎలా ఉండేదని కూడా అడగకుండా "కాదు" అన్నాను.

"ఆ ఫోటో తీసినాయన కనబడితే జెప్పు. మాది గొల్లపల్లి."

వాగు తగ్గడానికి మూడు గంటలు పట్టింది. అంతసేపూ ఆయన భుజం నా భుజానికి ఆనుకునే ఉంది.

చివరికి చిన్న లెన్సే కొన్నాను. దానితో ముఖం తీయాలంటే పేరు అడిగేంత దగ్గరకు వెళ్ళాలి. అడుగుతున్నాను. చెరపకుండా మిగిలిన పాత ఫోటోల్లో చింతపండు కుప్పల వెనక నలుగురు ఆడవాళ్ళున్నారు. అవి పట్టుకుని గొల్లపల్లి బస్సు మాత్రం ఇంకా ఎక్కలేదు.