మాధవి, ఆఖరి సమాధిలోని బిడ్డ

నిన్న మధ్యాహ్నం క్లినిక్‌లో ఉండగా పెనుకొండ నుంచి ఫోన్. తవ్వకంలో పనిచేసే లక్ష్మమ్మ గొంతు.

"మేడం, గుంత గోడ కూలిపోయింది. మాధవి మేడం లోపల ఉండాది."

ధర్మవరం నుంచి నేను చేరేసరికే అంతా అయిపోయింది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. హిందూపురంలో మేమిద్దరం కలిసి చదువుకున్నాం. నేను డెంటిస్ట్ అయ్యాను. తను ఆర్కియాలజీలోకి వెళ్ళి, పెనుకొండ దగ్గర ఒక గుట్ట కింద వేల ఏళ్ళనాటి సమాధులు తవ్విస్తోంది.

అప్పటి మనుషులు ఏం తిని బతికారో పళ్ళు చూసి చెప్పేది.

ఒకసారి ఎక్స్‌రే కోసం టిఫిన్ డబ్బాలో దూది పరిచి ఒక దవడ ఎముక తెచ్చింది. నా చైర్ లైటు కింద పెట్టి, "చూడే, ఎట్ల అరిగిపోయినాయో. రాతి మీద విసిరిన పిండి తినినారు. పాచిలో కొర్రల పిండి ఇంకా ఉండాది" అంది. ఎంత సంబరమో.

తర్వాత తెచ్చిన పళ్ళ దగ్గర ఆ సంబరం లేదు. ఎనామెల్ మీద అడ్డంగా గీతలు. పసితనంలో తిండి అందకపోయినా, పెద్ద జబ్బు చేసినా పడే గీతలు.

"చివరి సమాధుల్లో అందరికీ ఇవే. ఆ తర్వాత ఈడ ఎవుర్నీ పూడ్చలేదు."

"అంటే?" అన్నాను.

"ఊరే లేకుండా పోయింది" అంటూ పళ్ళను మళ్ళీ దూదిలో చుట్టింది.

పోయినేడు ఆ గుట్ట పక్క ఊరి బడిలో డెంటల్ క్యాంప్ పెడితే తనూ వచ్చింది. ఒక పాప నోరు తెరిచింది. ముందు పళ్ళ మీద అలాంటి గీతే.

చిన్నప్పుడు ఏం పెట్టేదానివని వాళ్ళమ్మను మాధవి అడిగింది.

"వాన లేని ఏడు మేడం. బెంగళూరికి కూలికి పోయింటిమి. గంజి పోస్తి, అంతే."

తర్వాతి పాపకీ అదే. ఆ తర్వాతి పాపకీ.

అప్పటి నుంచి మాధవి ఆ ఊరిని వదల్లేదు. సాయంత్రం పని ఆగగానే ఇల్లిల్లూ తిరిగేది. "మీరు పోతే పోండి. పసిబిడ్డల్ని ఈడ అవ్వల దగ్గర ఇడిసిపెట్టండి. అంగన్‌వాడీలో గుడ్లు, పాలు ఇస్తారు" అని బతిమాలేది. కొందరు విన్నారు.

మొన్న ఫోన్ చేసింది. "వానకి గుంత గోడ బీటలు ఇచ్చింది. లోపల ఆఖరి సమాధిలో ఒక బిడ్డ ఉండాది. కూలేలోగా తీయాల."

వద్దన్నాను.

"నువ్వు ఊరికే భయపడతావు" అంది.

లక్ష్మమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని ఒకటే మాట చెప్తోంది. "డబ్బా నా చేతికిచ్చి, పట్టుకో, వస్తాండా అనిందమ్మా."

ఆ డబ్బాను తన టీమ్ వాళ్ళు ఈ ఉదయం తెరిచారు. చిన్న దవడ. ఇంతవరకు చూసినవాటన్నిటికన్నా లోతైన గీతలు.

తిరిగి వస్తుంటే ఆ ఊరి మలుపులో జనం మూటలతో బెంగళూరు బస్సు కోసం నిలబడి ఉన్నారు. గుంత గోడను కూల్చిన ఆ వాన, వేరుశెనగ పంట ఎండిపోయాక వచ్చిన వాన.

చంకల్లో పసిపిల్లలు.

కారు ఆపాను. మాధవి చెప్పే మాటే చెబుదామని దిగాను. బస్సు వచ్చింది, ఎక్కేశారు.

మాధవీ, ఇక నిమ్మళంగా పడుకో తల్లీ. నీకు ఏ బరువూ లేని శాంతి దొరకాలి.